గడ్డి విత్తిన యేడు

గడ్డి ఎవరన్నా విత్తుతరా? మా పుట్టిల్లు ఎర్రుపాలెం దిక్కు. అంతా వరి. గడ్డంటే మాకు పొలంలకెల్లి పీకి గట్టు మీద పారేసేది. బుద్ధెరిగిన కాడి నుంచి నా చేతులు గడ్డిని పీకినయే గాని వేసినయి కావు. అట్లాంటి నన్ను అశ్వారావుపేట అవతల, అడవి అంచుకున్న ఊర్ల ఇచ్చిన్రు. అక్కడ ఒక మృగశిర కార్తెల మా మామ నా ఒడిల ఇత్తనం పోసి, "సల్లు బిడ్డా" అన్నడు. అది గడ్డి ఇత్తనం.

రెండువేల మూడు అది. ముందటేడు వానలు ఎగ్గొట్టినయి. వరి లేదు కాబట్టి ఊర్ల ఎవరింట్లా వరిగడ్డి లేదు. ఎప్పుడైనా అడవే మా పశువులను సాకేది. పొద్దున తోలితే పొద్దుగూకి కడుపు నింపుకొని వచ్చేవి. ఆ ఎండాకాలం ఫారెస్టోళ్ళు అడవి అంచు పొడుగూతా కొత్త మొక్కలు పెట్టి, కందకం తవ్వి, మొక్కలు పెరిగేదాక పశువులు ఇటు రావొద్దన్నరు. మొక్కలు బతకాలె, నిజమే. పశువులు ఏం తినాలె?

మా మామ పేరు సమ్మయ్య. అత్త నేను కాపురానికి రాకముందే పోయింది. ఇంట్ల మామ, నా పెనిమిటి ప్రభాకర్, నేను. కొట్టంల ఆవులు, దూడలు, ఒక జత ఎడ్లు. మామకు ఆవులంటే పాలు కాదు. అవి పాలిచ్చేది దూడకే చాలకపోయేది. ఆవులంటే ఆయన వెనక నడిచే కాళ్ళ చప్పుడు. ఆ చప్పుడు లేకుంటే ఆయనకు నడకే రానట్టుండేది.

పుల్లావు అని ముసలిది ఒకటుండేది. ఒకనాడు పొద్దున అది లేవలేకపోయింది. ప్రభాకర్, మామ దాని కడుపు కింద మోకు వేసి, చెరో దిక్కు పట్టి లేపిన్రు. నిలబడ్డది గాని కాళ్ళు గజగజ వణికినయి. పేట నుంచి పశువుల డాక్టరు వచ్చిండు. కనురెప్ప ఎత్తి చూసిండు, చెవులు పట్టి చూసిండు. రోగమేం లేదు, దీనికి కావాల్సింది మందు కాదు, మేత అన్నడు. ఖాళీ భూమి ఏమన్నా ఉంటే గడ్డి విత్తుకోండి, ఇత్తనం నేను ఇప్పిస్త అని చెప్పి పోయిండు.

ఖాళీ భూమి ఉన్నది. అడవిని ఆనుకొని ఏటవాలుగ ఉండేది. దాన్ని బోడిచెలక అనేటోళ్ళు. ఒకప్పుడు పొగాకు వేసిన్రు, తర్వాత పత్తి వేసిన్రు. ఏటేటా వానకు పై మట్టి కొట్టుకపోయి గులకరాళ్ళు తేలినయి. నేను వచ్చేనాటికి దాని మీద వయ్యారిభామ తప్ప ఏదీ లేదు. దానికి పశువు మూతి కూడ పెట్టదు.

ఆ చెలక మీద ప్రభాకర్‌కు వేరే ఆలోచన ఉన్నది. ఆయన కిరాయి ట్రాక్టర్ మీద తోటల నుంచి పామాయిల్ గెలలు ఫ్యాక్టరీకి తోలేటోడు. పొద్దస్తమానం ఆ తోటల నీడలనే తిరుగుతడు. చుట్టూ అందరూ తోటలు పెడుతున్నరు, మనం కూడ బోరు వేసి పామాయిల్ పెడుదాం, పశువులను అమ్ముదాం, ఆకలితోని కొట్టంల సచ్చేకంటే అదే నయం కదా అనేటోడు. అందుల తప్పేం లేదు. పుల్లావును మోకు వేసి లేపినప్పుడు ఆయన కండ్లల్ల నీళ్ళు నేను చూసిన.

అన్నం తినుకుంట ఇద్దరికీ మాట పెరిగింది. ప్రభాకర్ గట్టిగ మాట్లాడిండు. మామ తల వంచుకొని కంచం ఖాళీ చేసిండు. ఆఖరుకు చెయ్యి కడుక్కొని అన్నడు.

"ఈ ఒక్క వానాకాలం నాకియ్యి ప్రభాకరా. గడ్డి రాకపోతే మందను నేనే తోలుకపోయి అంగడిల కడ్త."

ప్రభాకర్ కంచం ముందట నుంచి లేచి బయటికి పోయిండు.

ఇత్తనం రెండు సంచులల్ల వచ్చింది. ఒకదాంట్ల అంజన్ గడ్డి. గింజకు నూగు ఉండి, పట్టుకుంటే అరచేతికి అంటుకునేది. ఊదితే లేచిపోయేది. రెండోది ఆవాల కంటె సన్నగ, పచ్చటి మట్టిరంగుల ఉన్నది. దాన్ని డాక్టరు స్టైలో అన్నడు. మామ నోట్ల అది ఇస్టైలు అయింది. అది గడ్డి కాదంట, పిల్లిపెసర లెక్క పప్పుజాతంట. దాని వేర్లు భూమికి బలం పెడ్తయి, ఆ బలంతోని గడ్డి పెరుగుతది, రెండూ కలిసి ఉంటేనే పశువుకు మంచిదని చెప్పిండంట. ఇంకో మాట కూడ చెప్పిండంట. మొదటేడు గింజ పండి రాలేదాక ఏ పశువునూ అందుల మూతి పెట్టనియ్యొద్దని.

స్టైలో గింజ పెంకు గట్టిది. వేడి నీళ్ళల్ల నానబెడితేనే మొలుస్తదని చెప్పిన్రు. పెద్ద గుండిగల నీళ్ళు కాగబెట్టి, పొయ్యి మీదికెల్లి దించి, మామ దిక్కు చూసిన. పొగలు కక్కుతున్నయి. ఇత్తనాన్ని ఉడకబెడితే మొలుస్తదా? నాకు చేతులు రాలేదు. మామకూ రాలేదు. ఇద్దరం గుండిగకు అటొకరం ఇటొకరం కూచున్నం. కొంచెం పొగ తగ్గినంక ఆయన కండ్లు మూసుకొని సంచి ఒంపిండు. కాసేపటికి వంచి, గుడ్డ మీద నీడకు ఆరబోసినం. గింజలు చల్లబడేదాక ఆయన అక్కడి నుంచి కదలలేదు.

మొదటి వానకు చెలకను ప్రభాకరే దున్నిండు. అడగలేదు మేము. గెలలు దింపి వస్త వస్త ట్రాక్టర్ అటు తిప్పిండు. నాగలి కింద రాళ్ళు కర్రుకర్రుమన్నయి. దిగి పోతుంటే ఒకటే మాటన్నడు, రాళ్ళే పండుతయి దీంట్ల అని.

తెల్లారి విత్తినం. గాలికి లేచిపోకుంట ఇసుక కలిపినం, చీమలు ఎత్తుకపోకుంట బూడిద కలిపినం. మామ పై నుంచి, నేను కింది నుంచి. తోవల పోయేటోళ్ళు నిలబడి ఏం ఇత్తనమని అడిగేటోళ్ళు. గడ్డి అంటే నవ్వేటోళ్ళు. దేవుడు ఊరికే ఇచ్చేదాన్ని కూడ విత్తుతున్నవా సమ్మయ్యా అని ఒకాయన అన్నడు. మామ కూడ నవ్విండు. విత్తినంక లోతు పడకుంట, ఎడ్లకు ముళ్ళకంప కట్టి పైపైన ఈడ్పిచ్చినం. తడి మట్టి మీద ఎర్రటి ఆరుద్ర పురుగులు మఖ్మల్ బొట్ల లెక్క పాకుతుంటే మామ ఎడ్లను ఆపి, అవి దాటినంక తోలిండు.

చుట్టూ కంప నాటినం. ఇగ చూసుడే పని.

ఏమీ రాలేదు.

ఆ పక్క చేన్లల్ల జొన్న మొలిచింది, పత్తి మొలిచింది. మా చెలకల రాళ్ళు వానకు కడిగి మెరుస్తున్నయి. పీకేసిన వయ్యారిభామ మళ్ళ తల ఎత్తుతున్నది. రోజూ పోయి చూసి వచ్చేటోళ్ళం. వేడి నీళ్ళల్ల ఉడికిపోయింది మామా అందామని నోటి దాక వచ్చేది, మింగేదాన్ని. ప్రభాకర్ ఏమీ అడగకపోతుండె. అడిగితే బాగుండనిపించేది.

ఒకనాడు పొద్దున మామకు చాయ పట్టుకొని చెలకకు పోయిన. మామ కనబడలేదు. కంప పక్క నుంచి లోపలికి చూస్తే, ఏటవాలు మీద బోర్లా పడి ఉన్నడు. చేతులు రెండు చాపి, చెంప మట్టికి ఆనిచ్చి, కదలకుంట. నా చేతుల గిలాస జారింది. మామా అని ఉరికిన. దగ్గరికి పోంగనే ఆయన తల ఎత్తకుంటనే చెయ్యి లేపి, ఆగమన్నడు.

"నిలబడితే కనబడదు బిడ్డా. పండుకో."

ఏమైందో నాకు సమజ్ కాలేదు. మామ ముందు నేను ఎన్నడు మంచం మీద కూడ కూచున్నదాన్ని కాదు. కొంగు నడుముకు చుట్టుకొని, కొంచెం దూరంల తడి నేల మీద బోర్లా పండుకున్న. చెంప మట్టికి ఆనిచ్చిన. మట్టి చల్లగ ఉన్నది.

అప్పుడు చూసిన.

కొండ మీదికెల్లి ఎండ అప్పుడే అడ్డంగ పడుతున్నది. ఆ వెలుగుల నా కంటికాడి నుంచి చెలక పై అంచు దాక, నేలంతా పచ్చటి నూగు. దారపు పోగు కంటె సన్నటివి, గోరంత ఎత్తు లేనివి, ఎన్నున్నయో. ప్రతి దాని కొనకు ఒక నీటి చుక్క. ప్రతి చుక్కల ఒక సూర్యుడు. నిలబడి చూస్తే వట్టి రాళ్ళు. పండుకొని చూస్తే పచ్చటి వెలుగు. అన్ని రోజులు వాటి మీదనే నడిచిపోయినం మేము. నా ఊపిరి తగిలితే దగ్గరున్న నాలుగు పోగులు కదిలినయి. నేను ఊపిరి బిగబట్టిన.

ఎంతసేపున్నమో. మామ లేచి, నేనూ లేచి, ఎక్కడ అడుగు పెట్టాలెనో తెలియక ఇద్దరం అట్లనే నిలబడ్డం. ఆఖరుకు వచ్చిన అడుగులల్లనే అడుగులు వేసుకుంట బయటికి వచ్చినం. ఆయన చెంపకు అంటిన మట్టి ఇంటి దాక తుడుచుకోలేదు.

ఆ రాత్రి అన్నం వడ్డించుకుంట ప్రభాకర్‌తోని చెప్పిన, మొలిచిందని. మంచిదే అన్నడు.

మొలిచినంక కష్టం మొదలైంది. గడ్డి పెరుగుతుంటే పశువులకు వాసన తగిలింది. గట్ల మీద, బాటల పక్కన ఇంత పరక మేసి, పొద్దుగూకేసరికి అన్నీ కంప కాడ వచ్చి నిలబడేవి. పుల్లావు అయితే ఎటూ పోకపోతుండె. పొద్దంతా కంప మీద మెడ చాపి నిలబడేది. పచ్చటి చెలక ముందట, పక్కబొక్కలు తేలిన ఆవు. మామ దాని పక్కనే కర్ర పట్టుకొని కూచునేటోడు. లోపలికి పోనియ్యకపోయేది ఆయనే, మెడ నిమిరేది ఆయనే. గింజ రాలేదాక ఓర్చుకోవాలె, ఈ ఒక్కయేడు ఓర్చుకుంటే మనం పోయినా గడ్డి ఉంటదని దానికి చెప్పేటోడు. విననట్టు నేను అటు తిరిగేదాన్ని.

ఇది ప్రభాకర్ ట్రాక్టర్ మీద వస్త పోత చూసిండు. ఒకనాడు సాయంత్రం ట్రక్కు కొట్టం ముందట ఆపి, వెనక తలుపు విప్పి, పచ్చటి పామాయిల్ మట్టలు కుప్పగ దింపిండు. తోటలల్ల గెల కోసేటప్పుడు నరికి పారేసేవి అవి. కూచొని కత్తితోని ఈనెలు తీసి, ఆకును సన్నగ నరికి పశువుల ముందు వేసిండు. మామ వచ్చి చూసిండు. పక్కన కూచొని ఇంకో కత్తి తీసుకున్నడు. ఇద్దరూ చీకటి పడేదాక నరికిన్రు. ఆనాటి నుంచి రోజూ మట్టలు వచ్చినయి.

భాద్రపదం వచ్చేసరికి గడ్డి మోకాళ్ళు దాటింది. అడుగున స్టైలో అల్లుకొని చిన్న చిన్న పసుపు పూలు పూసింది. పై నుంచి గడ్డి ఊదారంగు కంకులు వేసింది. గాలి వస్తే చెలక మొత్తం పశువు ఒళ్ళు జలదరించినట్టు కదిలేది. ఎక్కడెక్కడి నుంచో సీతాకోకచిలుకలు, పూరేడు పిట్టలు. వాన పడ్డా ఇగ మట్టి నీళ్ళు రాలేదు. కిందికి వచ్చే నీళ్ళు తేటగ వచ్చినయి. మా మామ ఆ నీళ్ళను దోసిట్ల పట్టి నాకు చూపెట్టిండు.

అప్పుడే ఒకనాడు పొద్దున, రాత్రి వాన వెలిసినంక మంచు కమ్మింది. నేను కొట్టంల పేడ ఎత్తుతున్న. కంప కాడ పుల్లావు అరిచింది. అది ఆకలి అరుపు కాదు. దూడను పిలిచినట్టు, గొంతుల గొంతుల అరిచింది. పోయి చూస్తే, అడవి దిక్కు కంప తొక్కుడు పడి ఉన్నది. చెలక నడుమ మంచుల నల్లగ బండలు కనబడ్డయి. అక్కడ బండలు లేవు కదా అనుకున్న. అంతల ఒక బండ తల ఎత్తింది.

అడవిదున్నలు.

ఇంటికి ఉరికి ఇద్దరిని లేపిన. ప్రభాకర్ రేకు డబ్బా, కర్ర పట్టుకొని వచ్చిండు. గూడెం నుంచి పశువులు తోలుకొని తోవల వస్తున్న బొజ్జయ్య కూడ కలిసిండు. ఆయన కోయ మనిషి, మామకు చిన్ననాటి సోపతి. కంప కాడికి వచ్చి ప్రభాకర్ డబ్బా ఎత్తిండు. మామ ఆ డబ్బా మీద చెయ్యి పెట్టిండు. అంతే. అందరం నిలబడ్డం.

ముందటున్నది పోతు. మూపు మా ఇంటి చూరంత ఎత్తుంటది. నల్లటి ఒంటి మీద మంచు నీళ్ళు కారుతున్నయి. నాలుగు కాళ్ళు మోకాళ్ళ దాక తెల్లగ, సున్నపు తొట్టిల నిలబడి వచ్చినట్టు. దాని వెనక ఆవులు, వాటి నడుమ ఎర్రటి దూడ ఒకటి, గడ్డిల వీపు మాత్రమే కనబడుతున్నది. అవి మేస్తున్న చప్పుడు మాకు ఇనబడుతున్నది. ఊపిరి విడిచినప్పుడల్ల పొగ లేస్తున్నది. పుల్లావు మళ్ళ అరిచింది. పోతు మేత ఆపి తల తిప్పి, దాని దిక్కు చూసింది. కంపకు ఇటు బొక్కల గూడు లెక్క మా ఆవు, అటు కొండ లెక్క ఆ పోతు. చాలాసేపు చూసుకున్నయి. నాకు భయం కాలేదు. ఎందుకు కాలేదో ఇప్పటికీ చెప్పలేను. బొజ్జయ్య తలగుడ్డ తీసి చంకల పెట్టుకున్నడు.

ఎండ పొడ తగలంగనే పోతు కదిలింది. ఉరకలేదు, బెదరలేదు. మనిషి గడప దాటినట్టు కందకం దాటింది. దాని వెనక అన్నీ దాటినయి. ఆకు కదిలిన చప్పుడు కూడ రాలేదు.

డబ్బా ఇంకా ప్రభాకర్ చేతులనే ఉన్నది. "నాయినా, గిసొంటివి మన అడవిల ఉన్నయా?" అని అడిగిండు. పుట్టి పెరిగింది ఆ అడవి పక్కనే.

"నా చిన్నప్పుడు మా నాయిన చూపిచ్చిండు. మళ్ళ ఇయ్యాలనే చూసుడు," అన్నడు మామ. "పోయినయనుకున్న."

తర్వాత లోపలికి పోయి చూసినం. నడుమ చాల మేర మేసి, తొక్కి పోయినయి. అది చూసినంక ప్రభాకర్‌కు కోపం వచ్చింది. ఎవరి మీదనో తెలియని కోపం.

"అడవిల జంతువు మేయొచ్చు, మన ఆవు మాత్రం చూసుకుంట సావాల్నా నాయినా?"

మామ కొడవలి తెచ్చి, దున్నలు తొక్కిన కాడ మిగిలిన గడ్డి, స్టైలో కలిపి కౌగిలి నిండ కోసిండు. కంప ఇవతలికి వచ్చి పుల్లావు ముందు పెట్టిండు. అది వాసన చూసింది. వెంటనే తినలేదు. మామ పిడికెడు తీసి నోటికి అందిచ్చిండు. అప్పుడు తిన్నది. ఆయన గింజ సంగతి మళ్ళ ఎత్తలేదు. తొక్కిన మేర నుంచి రోజుకో మోపు కోసి దానికి పెట్టిండు. చిత్రమేందంటే, దున్నలు మేసిన కాడనే గడ్డి మళ్ళ చిగిరిచ్చి, ఒక్కో దుబ్బు పదిపిలకలై ఇంకింత దట్టంగ లేచింది.

పుల్లావు ఆ గడ్డి తిని కండ పట్టలేదు. దాని వయసు అయిపోయింది. దసరా పోయినంక ఒకనాడు పొద్దున కంప పక్కనే పండుకొని లేవలేదు. దాని నోట్ల గడ్డి పరక ఉన్నది. ఈసారి మోకు తేలేదు ఎవరూ. తండ్రీ కొడుకు కలిసి గుంత తీసిన్రు.

కార్తీకం దాటి గింజ పండింది. రాలిన స్టైలో గింజను చీపురుతోని ఊడ్చి, మట్టితోని కలిపి ఎత్తి, చేటలతోని చెరిగినం. బొజ్జయ్య తన గూడెం ఆడోళ్ళను తీసుకొచ్చిండు. అప్పుడు నవ్విపోయినాయన కూడ కొడుకును తోలిచ్చిండు. అందరికీ ఇంతింత ఇత్తనం ఇచ్చినం. వేడి నీళ్ళల్ల వేసేటప్పుడు భయపడొద్దని వాళ్ళకు చెప్పింది నేనే.

మార్గశిరంల ఒక పొద్దున మామ కంప తీసిండు. మందను తోలుకొచ్చి ఆ సందు ముందు నిలిపినం. పోండి అన్నడు. ఏ ఒక్కటీ కదలలేదు. తలలు ఎత్తి, ముక్కులు ఆడిచ్చుకుంట, అక్కడనే నిలబడ్డయి. ఏండ్లకేండ్లు మంద ముందు నడిచింది పుల్లావు. ఇప్పుడు ముందు నడిచేది లేదు. పైగా ఆ కంప దాటితే కర్ర దెబ్బ పడ్తదని ఒక వానాకాలమంతా నేర్చుకున్నయి. మామ కర్ర దూరంగ పారేసిండు. పేర్లు పెట్టి పిలిచిండు. అయినా అడుగు పడలేదు.

ప్రభాకర్ చెప్పులు విడిచి సందుల నుంచి గడ్డిలకు నడిచిండు. నడుము దాక మునిగిండు. చెలక నడుమకు పోయి, ఇటు తిరిగి, రెండు చేతులు నోటికి పెట్టుకొని కూత పెట్టిండు. ట్రాక్టర్ తోలే మనిషి గొంతుల నేను ఎన్నడూ వినని కూత. పొడుగ్గ, చివరికి తేలిపోయేటట్టు. పశులకాపర్లు అడవిల మందను కలుపుకునే కూత. మామ చప్పున తల ఎత్తిండు.

మొదట ఒక పెయ్య కాలు లోపల పెట్టింది. దాని వెనక ఎడ్లు. తర్వాత అన్నీ. కంకులు పక్కకు ఒరిగి, తోవలిచ్చి, మళ్ళ మూసుకున్నయి. అవి తలలు వంచినయి. అడవి, ఊరు, అంతా నిమ్మళమై, గడ్డి తెగుతున్న చప్పుడు ఒక్కటే మిగిలింది. చినుకులు మొదలైనట్టు. తర్వాత జోరు వాన అందుకున్నట్టు. ముగ్గురం మూడు దిక్కుల నిలబడి ఆ చప్పుడు విన్నం.